సగటు కాపురం

గట్టుకాలవ పట్టణంలో మైకుసెట్టు కొండలరావు రక్తపోటు సంగతి తెలియనివాళ్ళు లేరు. పెళ్ళిళ్ళకీ సభలకీ మైకులు అద్దెకిచ్చే మనిషి కాబట్టి ఎక్కడ నలుగురు చేరినా ఆయన ఉండేవాడు. ఆంప్లిఫయరు కుయ్యిమన్నప్పుడల్లా ఆయన చెవులు ఎర్రబడటం అందరూ చూసేవారు. భార్య బుల్లిమంగది దీనికి పూర్తిగా ఎదురు. గబుక్కున లేచి నిలబడిందంటే ఆమె కళ్ళకి ఇల్లంతా ఒక చుట్టు తిరిగేది. ఆ తిరగడం ఆగేదాకా గుమ్మం పట్టుకుని నిలబడి, ఆగాక తాపీగా పనిలో పడేది. ఆయనది ఎక్కువ పోటు, ఆమెది తక్కువ పోటు. ఆయన్ని ఉప్పు మానమన్న డాక్టరే ఆమెని మజ్జిగలో కాస్త ఉప్పు ఎక్కువ వేసుకోమన్నాడు. రెండు గిన్నెల్లో రెండు రకాల పప్పు వండి, ఒకదాని గరిటె ఇంకోదాంట్లో పడకుండా ముప్పై ఏళ్ళు కాపురం చేసుకొచ్చింది బుల్లిమంగ.

కొండలరావు నెలకోసారి పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి ప్రెషర్ బిళ్ళలు తెచ్చుకునేవాడు. పొద్దున్నే ఒకటి వేసుకుంటే సాయంత్రందాకా ఆయనా, ఆయనతోపాటు వీధీ ప్రశాంతంగా ఉండేవి. అలా రోజులు గడిచిపోతుండగా, రక్తపోటు ఉన్నవాళ్ళకి సమాజం అండగా నిలబడాలని పైవాళ్ళకి తోచింది.

తోచడంలో తప్పులేదు. అండ అంటే ఏమిటో తేల్చే పని ఒక కమిటీకి అప్పగించారు. మనిషి బరువు మోస్తుంటే పక్కవాళ్ళు తలో చెయ్యీ వేస్తారు కదా, అలాగే ఒకడి పోటుని ఇంటిల్లిపాదీ పంచుకుంటే ఎవరి మీదా ఎక్కువ పడదని కమిటీ కనిపెట్టింది. దానికి యాప్ తయారైంది, పరికరాలొచ్చాయి, ‘సమపోటు’ అని పేరు పెట్టారు. ‘భారం పంచుకుందాం, పోటు దించుకుందాం’ అని గోడల మీద రాయించారు.

గట్టుకాలవలో పథకాన్ని మునిసిపల్ కమిషనర్ త్రివిక్రమరావు గారు ప్రారంభించారు. ఆయన మంచివాడే. లంచం ముట్టని మనిషి, పొద్దున తొమ్మిదికల్లా సీట్లో ఉండే మనిషి. ఎటొచ్చీ మామూలు మాట ఆయన నోట వచ్చేది కాదు. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా ‘తక్షణమే’ అన్న మాట చేర్చకుండా అడగరని వాళ్ళ పనిమనిషి చెప్పుకునేది.

“రక్తపోటు వ్యక్తిది కాదు, సమాజానిది,” అని కొండలరావు అద్దెకిచ్చిన మైకులోనే ప్రకటించారాయన. “నేటి నుండి ఈ పురపాలక సంఘ పరిధిలో వ్యక్తిగత పోటు అనునది ఉండదు. ఉండునది కుటుంబ పోటు మాత్రమే.”

సరిగ్గా అప్పుడే టీలు రావడంతో జనం చప్పట్లు కొట్టారు. ఆదర్శంగా ఉండాలని, తాను వాడుతున్న ప్రెషర్ బిళ్ళల డబ్బాని కమిషనర్ గారు వేదిక మీదే ఆరోగ్య కేంద్రానికి తిరిగి ఇచ్చేశారు. దానికి ఇంకా గట్టిగా కొట్టారు.

మర్నాడు వార్డు ఆరోగ్య సహాయకురాలు జ్ఞానసుందరి చంకలో ట్యాబు, సంచిలో పరికరం పెట్టుకుని కొండలరావు ఇంటికొచ్చింది. ఈ దంపతులంటే ఆమెకి ఇష్టం. బాబాయిగారూ, పిన్నిగారూ అంటూ కూర్చుని ఇద్దరి చేతులకీ పట్టీలు చుట్టింది. కొండలరావు పోటు నూట డెబ్బై ఎనిమిదని తెర మీద ఒక్క క్షణం మెరిసింది. బుల్లిమంగది తొంభై రెండని మెరిసింది. ఆ తర్వాత రెండూ మాయమై, వాటి స్థానంలో నూట ముప్పై అయిదు అన్న అంకె ఆకుపచ్చగా వెలిగి, పువ్వులు రాలాయి.

మీ కుటుంబం నార్మల్ అంది జ్ఞానసుందరి, ఏదో తప్పు చేసినదానిలా.

కొండలరావుకి మొదట సంతోషమే కలిగింది. ఇన్నేళ్ళుగా నార్మల్ అన్న మాట ఆయన్ని గురించి ఎవరూ అనలేదు. బిళ్ళల కోసం వెళ్ళినప్పుడు అసలు సంగతి తెలిసింది. నార్మల్ కుటుంబానికి మందు ఇవ్వకూడదు. మందుల దుకాణానికి వెళితే అక్కడా వేలిముద్ర పెట్టమన్నారు. పెడితే ‘ఈ కుటుంబమునకు పోటు లేదు’ అని వచ్చింది. జిల్లాలో ఏ ఊళ్ళో పెట్టినా అదే వచ్చేది. ఇంట్లో మిగిలిన బిళ్ళల్ని బుల్లిమంగ కత్తిపీట మీద సగం సగం చేసి వేస్తూ వచ్చింది. అవి అయిపోవస్తున్నకొద్దీ కొండలరావు చెవులు మునుపటి రంగులోకి తిరగసాగాయి. ఒకరోజు ఉత్త పుణ్యానికి వీధిలో గాలిపటం ఎగరేసేవాళ్ళ మీద అరిచి, అరిచాక తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. ఆవేళ బుల్లిమంగకి భయం పట్టుకుంది. ఆమె మామగారు ఇలాగే తల పట్టుకుని కూర్చుని, మళ్ళీ లేవలేదు.

ఇద్దరూ కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళారు. ఆయన ఓపిగ్గా విన్నారు, ట్యాబు తెప్పించి చూశారు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ఇందు పొరపాటు ఏమియూ లేదు,” అన్నారు. “మీరిరువురూ ఒకే కుటుంబముగా కొనసాగునంత కాలము మీకు పోటు వచ్చు అవకాశము లేదు.”

“వచ్చేసిందండి బాబూ. తవరు ఒప్పుకోటవే తరువాయి,” అంది బుల్లిమంగ.

ఆయన నొచ్చుకున్నారు. ఒప్పుకోవడానికి తనకి అధికారం లేదన్నారు. పోటు కావాలంటే ఒకటే దారి ఉందనీ, తొమ్మిదో నిబంధన కింద దంపతులు వేరు కుటుంబాలుగా విడిపోవచ్చనీ, అప్పుడు ఎవరి పోటు వారికి దక్కుతుందనీ చెప్పారు. విడాకులు అక్కర్లేదట. పొయ్యి వేరైతే చాలునట.

ఇంటికొచ్చాక కొండలరావు ససేమిరా విడిపోనన్నాడు. బుల్లిమంగే సర్దిచెప్పింది. కాగితం మీద విడిపోతే నిజంగా విడిపోయినట్టా, బిళ్ళలొచ్చాక మళ్ళీ కలిసిపోవచ్చు అంది. హాల్లో సుద్దముక్కతో అడ్డంగా గీత గీశారు. గీతకి ఇవతల కిరోసిన్ స్టవ్వు పెట్టుకుని కొండలరావు పెళ్ళయ్యాక మొదటిసారి అన్నం వండాడు. అది అన్నమో జావో తేలకముందే తనిఖీకి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

ఇన్‌స్పెక్టరు కట్టుదిట్టమైన మనిషి. రెండు పొయ్యిలూ చూశాడు, రెండు కాళ్ళపట్టాలూ చూశాడు, గీత వెడల్పు చూశాడు. పోబోతూ, ఏదో మాటవరసకి అన్నట్టు, ఆవిడ ఇవాళ ఏం కూర చేసుకుంటోందని కొండలరావుని అడిగాడు. గుత్తివంకాయ అన్నాడు కొండలరావు, కాస్త దిగులుగా. మీకెలా తెలుసన్నాడు ఇన్‌స్పెక్టరు. వాసనొస్తోంది కదండీ అన్నాడు ఈయన. ‘వాసన ద్వారా దాంపత్యము కొనసాగుచున్నది’ అని రాసుకుని వెళ్ళిపోయాడు ఇన్‌స్పెక్టరు. వంటింటి తలుపు సందులన్నీ గుడ్డలు కుక్కి మూశాక గానీ విభజన ధ్రువపత్రం రాలేదు.

ధ్రువపత్రం చేతపట్టుకుని కొండలరావు ఆరోగ్య కేంద్రానికి పరిగెత్తాడు. జ్ఞానసుందరి కూడా హుషారుగా పట్టీ చుట్టింది. తెర మీద ఈసారి అంకె మెరవలేదు. ‘ఒక్క మనిషికి సగటు రాదు. రెండవ సభ్యుని జతచేయుము’ అని వచ్చింది. ఎన్నిసార్లు చుట్టినా అదే. కొండలరావు పోటు పరిశీలనలో ఉందని రాసిచ్చి పంపేశారు.

పోనీ మళ్ళీ కలిసిపోదామంటే అదీ కుదరలేదు. విడిపోయిన మరుక్షణం బుల్లిమంగ పేరు ఇంకో జాబితాలోకి ఎక్కింది. ఏ కుటుంబానికీ చెందని తక్కువ పోటు మనిషి పట్టణం మొత్తానికి ఆమె ఒక్కతే. ‘మిగులు అల్పపోటు వనరు’ అని ఆమెకి పేరు. వనరు వృథాగా ఉండకూడదు కాబట్టి, అవసరం ఉన్న కుటుంబానికి డిప్యుటేషన్ మీద పంపాలని నిబంధన.

ఈ వార్త ఊళ్ళో గుప్పుమంది. అప్పటిదాకా బుల్లిమంగని నీరసం మనిషి అనేవాళ్ళు. పేరంటానికి పిలిచి, మధ్యలో కళ్ళు తిరిగి పడుతుందేమోనని మూల కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళు. ఇప్పుడు అరుగు నిండా మనుషులే. సినిమాహాలు యజమాని తల్లి వచ్చి ఆమె చెయ్యి నిమిరింది. మా ఇంట్లో అయిదుగురమూ నూట నలభై అయిదు దాటి ఉన్నాం, నువ్వొక్కదానివి వస్తే పచ్చగా ఉంటాం తల్లీ అంది. మావిడిపళ్ళ బుట్టలొచ్చాయి, చీరలొచ్చాయి. పెళ్ళిచూపుల్లో పిల్లకి పాట వచ్చా అని అడగడం మానేసి, లేస్తే కళ్ళు తిరుగుతాయా అని అడగడం మొదలైంది. తిరుగుతాయని అబద్ధమాడిన పిల్ల ఒకత్తి ప్రతి గుమ్మం దగ్గరా తూలడం సాధన చేస్తోందని చెప్పుకున్నారు.

బుల్లిమంగకి ఇదంతా నచ్చలేదని చెప్పడం అన్యాయం. కాస్త నచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఒంట్లో ఉన్నదాన్ని ఎవరైనా కావాలనుకోవడం అదే మొదలు. గీతకి అటువైపు కొండలరావు మాడిన కూర తింటూ, వచ్చేపోయేవాళ్ళని లెక్కపెట్టుకుంటున్నట్టు చూసేవాడు. అప్పుడు మాత్రం ఆమె తల దించుకునేది.

పోటీ పెరిగిపోయి సినిమాహాలు వాళ్ళూ బియ్యం మిల్లు వాళ్ళూ అరుగు మీదే కలబడేదాకా వచ్చింది. శాంతిభద్రతల దృష్ట్యా వనరుని తటస్థ స్థలంలో ఉంచడం సముచితమని కమిషనర్ గారు ఉత్తర్వు వేశారు. ఆ తటస్థ స్థలం ఆయన ఇల్లే. అందులో దురుద్దేశమేమీ లేదు. బిళ్ళలు మానేశాక ఆయన ఇంటి సగటు హద్దు మించి ఎర్రగా వచ్చింది. పథకాన్ని నడిపే ఇల్లే ఎర్రగా ఉంటే పట్టణానికి తలవంపులు. బంధుత్వం అన్నచోట ఏం రాయాలో జ్ఞానసుందరికి తోచలేదు. ‘ఇతరులు, పోటు నిమిత్తం’ అని ఆయనే చెప్పి రాయించారు. ఆయన్నీ, ఆయన భార్యనీ, బుల్లిమంగనీ కలిపి కొలిస్తే నూట ముప్పై తొమ్మిది వచ్చింది. పువ్వులు రాలాయి.

రోజూ పొద్దున్నే జీపు వచ్చి బుల్లిమంగని తీసుకెళ్ళేది, సాయంత్రం కొలతలయ్యాక దించేది. కమిషనర్ గారి భార్య హైమావతి కలుపుగోలు మనిషి. ఎన్నో ఏళ్ళుగా ఇంట్లో ఉత్తర్వులు తప్ప కబుర్లు విని ఎరగదేమో, అక్కయ్యగారూ అంటూ బుల్లిమంగని వదిలిపెట్టేది కాదు. ఇద్దరూ కలిసి సీరియల్ చూసేవారు, చిక్కుడుకాయలు ఒలిచేవారు. ఒక్కటే చిక్కు. వనరు పోటు పెరగకూడదని ఉప్పు ఆపేశారు, కాఫీ ఆపేశారు. చప్పిడి మజ్జిగ తాగి తాగి బుల్లిమంగకి కూర్చున్నా ఇల్లు తిరగడం మొదలైంది.

అంతకంటే ఆమెని పీడించింది కమిషనర్ గారి వాలకం. ఆయన చెవులు కొండలరావు చెవుల్లాగే ఎర్రబడేవి. భోంచేస్తూ చేస్తూ కణతలు నొక్కుకునేవారు. ఒకరోజు ముక్కులోంచి రక్తం కారితే చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఫైలు చదువుతూనే ఉన్నారు. బిళ్ళ వేసుకోమని హైమావతి బతిమాలింది. కుటుంబం సాధారణ స్థితిలో ఉండగా తాను మందు పుచ్చుకుంటే అది ప్రజాధనం దుర్వినియోగమవుతుందన్నారు. దొంగమాట కాదు, నిజంగానే నమ్మి అన్నారు. అలా నమ్మేవాళ్ళతో ఏం వాదిస్తామని ఆడవాళ్ళిద్దరూ మళ్ళీ చిక్కుడుకాయలు ఒలవడంలో పడ్డారు.

సాయంత్రం ఇంటికొస్తే ఇంకో ఎర్రచెవుల మనిషి. కొండలరావు గీత దగ్గర కుర్చీ వేసుకుని కూచునేవాడు. జీపు హారను వినపడగానే మొహం తిప్పుకునేవాడు. ఒకరోజు ఆగలేక అడిగేశాడు.

“ముప్పై ఏళ్ళూ నా ప్రెషరు మోసినదానివి. ఇప్పుడు ఆయనది మోత్తన్నావేంటే మంగా?”

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఇటు మీరూ మందు లేకుండా ఉన్నారు, అటు ఆయనా మందు లేకుండా ఉన్నాడు, నన్ను కలిపి లెక్కేసే ఇద్దరికీ మందు ఆపేశారు అంది. ఆ మాట తన నోట వచ్చాక గానీ దాని అర్థం ఆమెకే పూర్తిగా తట్టలేదు. ఆ పూట గీత దాటి వెళ్ళి ఆయన వండిన అన్నమే ఇద్దరూ తిన్నారు. నిబంధనల ప్రకారం అది నేరం.

ఇంతలో గట్టుకాలవకి గొప్ప గౌరవం దక్కింది. రాష్ట్రంలో సగటు పోటు పూర్తిగా అదుపులో ఉన్న మొదటి పట్టణంగా ఎంపికైంది. ‘నిశ్చల పట్టణం’ అన్న బిరుదూ, జ్ఞాపికా ఇవ్వడానికి రాజధాని నుంచి పథకం సంచాలకులవారు స్వయంగా వస్తున్నారని తెలిసింది. హైస్కూలు మైదానంలో షామియానాలు వేశారు, పెద్ద తెర కట్టారు. ఏదైనా అవసరం పడవచ్చని ఓ అంబులెన్సుని కూడా పక్కన నిలబెట్టారు. మైకు కాంట్రాక్టు కొండలరావుదే.

వేదిక మీద బుల్లిమంగకి సంచాలకులవారి పక్క కుర్చీ వేశారు. పట్టుచీర కట్టి, దండ వేసి కూర్చోబెట్టారు. ఇన్నాళ్ళుగా ఉప్పు ముట్టని ఒంటికి ఆ దండ గుమ్మడికాయంత బరువుగా ఉంది. వేదిక ఎడమవైపుకి మెల్లగా తిరుగుతోంది. తిరిగి వచ్చినప్పుడల్లా ఓ మూల ఆంప్లిఫయరు దగ్గర కొండలరావు కనిపిస్తున్నాడు.

ముందుగా కమిషనర్ గారి కుటుంబాన్నే బహిరంగంగా కొలిచారు. జ్ఞానసుందరి ముగ్గురికీ పట్టీలు చుట్టింది. పెద్ద తెర మీద ఆకుపచ్చ అంకె వెలిగింది, పువ్వులు రాలాయి, మైదానమంతా చప్పట్లు. కమిషనర్ గారు మైకు ముందుకొచ్చారు.

“ఈ శుభ సందర్భమును పురస్కరించుకొని,” అని మొదలుపెట్టి ఆగారు. మళ్ళీ నోరు తెరిచారు.

“అబ్బా, తల పగిలిపోతోంది,” అన్నారు.

ఆయన మామూలు తెలుగులో మాట్లాడటం ఆ ఊరు వినడం అదే మొదటిసారి. హైమావతి కుర్చీలోంచి లేచి, మా ఆయన ఇలా మాట్లాడరండీ, ఏదో అయింది అంటూ పరిగెత్తుకొచ్చేసరికి ఆయన బల్ల పట్టుకుని కిందికి జారిపోయారు.

అంబులెన్సు వాళ్ళు స్ట్రెచరుతో వచ్చారు. పద్ధతి ప్రకారం ఆయన బొటనవేలు ట్యాబు మీద పెట్టారు. ‘ఈ కుటుంబము సాధారణ స్థితిలో ఉన్నది. సేవ అనవసరము’ అని వచ్చింది. అది వచ్చాక తలుపు తెరుచుకోదట. బండికీ యాప్‌కీ లంకె. డ్రైవరు తలుపు పట్టుకుని గుంజి చూశాడు, దండం పెట్టాడు. సంచాలకులవారు తెర వైపు చూశారు, కింద పడి ఉన్న మనిషి వైపు చూశారు, మళ్ళీ తెర వైపు చూశారు.

“ప్రస్తుత సగటును అనుసరించి వారు కులాసాగానే ఉన్నారు,” అన్నారు. “ఆందోళన చెందనవసరము లేదు.”

బుల్లిమంగ లేచింది. గబుక్కునే లేచింది. షామియానా, తెర, సంచాలకులవారు కలిసి ఒక చుట్టు తిరిగారు. పట్టుకోవడానికి అక్కడ గుమ్మం లేదు, మైకు ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ఆకుపచ్చ అంకె తన మూలానే వెలుగుతోందని ఆమెకి తెలుసు. తను పక్కకి తప్పుకుంటే అది మారిపోతుందనీ తెలుసు. మూలనున్న కొండలరావు ఏమనుకున్నాడో ఏమో, శబ్దం ఆఖరిదాకా పెంచాడు.

“ఆయ్, నేను ఈ కుటుంబంలోంచి లేచిపోతన్నానండి,” అంది బుల్లిమంగ. ఊరి చివర కాలవదాకా వినపడింది.

జనం నోళ్ళు తెరిచారు. జ్ఞానసుందరికి మాత్రం ఒక్క క్షణంలో అర్థమైంది. ట్యాబు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని, సభ్యురాలిని తొలగించాలంటే ఇంటి యజమాని వేలిముద్ర కావాలని గబగబా చెప్పింది. బుల్లిమంగ కమిషనర్ గారి పక్కన చతికిలబడింది.

“అయ్యగారూ, నన్ను పంపించెయ్యండి,” అంది.

ఆయన కళ్ళు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

“కారణం?”

“మా ఆయనతో కాపరం చేసుకుంటానండి.”

“సముచితమైన కారణమే,” అన్నారాయన. బొటనవేలు ట్యాబు మీద ఆనించారు.

ఆకుపచ్చ అంకె ఆరిపోయి ఎర్ర అంకె వెలిగింది. ఊళ్ళో ఎర్ర అంకె చూసి చాలా కాలమైంది. కొందరు పెద్దవాళ్ళు పాత స్నేహితుణ్ణి చూసినట్టు చూశారు. అంబులెన్సు తలుపు తనంత తానే తెరుచుకుంది. పట్టణం సగటు కూడా అదే క్షణంలో గీత దాటింది కాబట్టి సంచాలకులవారు జ్ఞాపికని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నారు. బుల్లిమంగని ఎవరైనా మళ్ళీ వనరు అని రాసేలోపల జ్ఞానసుందరి కొండలరావుని పిలిచి, ఆయన వేలు ఆమె వేలి పక్కన పెట్టించేసింది. ముప్పై ఏళ్ళ మొగుడూపెళ్ళాలు మైదానం మధ్యలో మళ్ళీ కుటుంబమయ్యారు. పువ్వులు రాలాయి. కొండలరావు మళ్ళీ నార్మల్ అయిపోయాడు. బిళ్ళలు మాత్రం లేవు.

కమిషనర్ గారు బతికారు. పెద్దాసుపత్రిలో డాక్టరు ఇంత పోటుతో మందెందుకు మానేశారని అడిగితే మా కుటుంబం సాధారణ స్థితిలో ఉంది అన్నారట. ఏ కుటుంబం అంటే, ఇప్పుడు లేచిపోయింది అన్నారట. ఆ డాక్టరు ఇంకేమీ అడగకుండా బిళ్ళ నోట్లో వేసి నీళ్ళిచ్చాడు. మంచం మీద పడుకుని కమిషనర్ గారు చాలా ఆలోచించారు. సగటు అనునది దోషభూయిష్టమని ఆయనకి అనుభవం మీద తెలిసింది. పథకాన్ని సవరించాలని పైకి రాశారు. పైవాళ్ళు కమిటీ వేశారు. కమిటీ ఈసారి తప్పు జరగకూడదని, ఇంట్లో ఎవరిది ఎక్కువ ఉంటే అదే కుటుంబం మొత్తానికీ పోటు అని తేల్చింది.

దాంతో గట్టుకాలవలో మొన్న పుట్టిన పసిగుడ్డుతో సహా అందరూ రోగులైపోయారు. బుల్లిమంగకి నూట డెబ్బై ఎనిమిది పోటు ఉన్నట్టు నమోదైంది. జ్ఞానసుందరి నెలనెలా రెండు డబ్బాలు తెచ్చి, ఒకటి బాబాయిగారిది, రెండోది కూడా బాబాయిగారిదే అని నెమ్మదిగా చెప్పి వెళ్ళేది. బుల్లిమంగ ఉప్పు మజ్జిగ మళ్ళీ మొదలుపెట్టింది. కాఫీ కూడా తాగింది.

కమిషనర్ గారు రోజూ నడవాలని డాక్టరు చెప్పాడు. ఒక్కరే నడవడం ఆయనకి చేతకాలేదు. హైమావతికి మోకాళ్ళ నొప్పులు. ఒక పొద్దున్న చెప్పులేసుకుని సరాసరి కొండలరావు అరుగు దగ్గరికొచ్చి నిలబడ్డారు. కాసేపు గొంతు సవరించుకుని, మీదెంత అని అడిగారు. కొండలరావు చెప్పాడు. కమిషనర్ గారు తనదీ చెప్పారు. కణతలు ఎక్కడ పోటేస్తాయో, నిద్రలో గుండె ఎలా దడదడలాడుతుందో ఒకరికొకరు చెప్పుకుంటూ కాలవ గట్టు మీద నడవడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి సినిమాహాలు యజమాని తల్లి కూడా చేరింది. బిళ్ళ వేసుకున్నావా అని ఒకరినొకరు అడిగేవారు. వేసుకోనివాళ్ళని వెనక్కి పంపి వేసుకుని రమ్మనేవారు.

ఇది యాప్ కంట పడింది. ఎక్కువ పోటు ఉన్నవాళ్ళు ఒకే దారిలో గుమిగూడటం వల్ల గట్టు మీద పోటు సాంద్రత పెరుగుతోందని హెచ్చరిక వచ్చింది. త్రివిక్రమరావు అనే పౌరుడికి సంజాయిషీ నోటీసు ఇమ్మని కమిషనర్ గారికి ఆదేశం అందింది. ఆయన తనకి తానే నోటీసు జారీచేసుకున్నారు. నడవడం హాయిగా ఉంది కాబట్టి నడుస్తున్నానని పౌరుడిగా జవాబు రాసుకున్నారు. అది సంతృప్తికరంగా లేదని కమిషనర్‌గా తిప్పికొట్టారు. నాలుగు ఉత్తరాలు అటూ ఇటూ నడిచాక ఒక రాజీ కుదిరింది. గుంపులో, కాగితాల్లో ఏమున్నా, ఒంట్లో తక్కువ పోటు ఉన్నవాళ్ళు కనీసం ఒకరైనా ఉండాలని షరతు పెట్టి అనుమతి ఇచ్చుకున్నారు.

అందుచేత రోజూ పొద్దున్నే బుల్లిమంగ వాళ్ళ మధ్యలో నడుస్తుంది. ఆమె నిదానంగా నడుస్తుంది, ఎక్కడైనా గట్టు తిరిగినట్టనిపిస్తే ఆగుతుంది. ఆమె ఆగితే అందరూ ఆగుతారు. కమిషనర్ గారు ఒకవైపు చెయ్యి అందిస్తారు. కొండలరావు అది చూసి, గబుక్కున రెండోవైపు పట్టుకుంటాడు.